చూపు కానుక

ఫ్రూంజె నగరం
1965 సెప్టెంబరు 3

తురుస్‌బెక్ మావయ్యకి,

మనుషులు, మందలు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం అందేసరికి మీరు సొంకుల్ సరస్సు దగ్గర గుడారం విప్పే హడావిడిలో ఉంటారు. పోయినసారి పాలలారీ డ్రైవరు నా ఉత్తరంలో ఒక పేజీ చించి సిగరెట్టు చుట్టుకున్నాడని రాశారు కదా, అందుకే ఈసారి మందపాటి కాగితం వాడాను. కాల్చుకుంటే దగ్గొచ్చి చావాలి.

ఇక్కడ మా నిఘంటువు పని ‘స’ దాకా వచ్చింది. "మాటల్ని డబ్బాల్లో పెట్టి జీతం తీసుకుంటున్నావా?" అని మీరు ఎగతాళి చేశారు. అచ్చంగా అదే పని. ఒక్కో మాటకి ఒక్కో అట్టముక్క. దానిమీద మాట, అర్థం, అది పుట్టిన చోటు, జనం నోట్లో నలిగిన ఒక వాక్యం. మొన్న నా బల్లమీదికి ‘సిన్చి’ అన్న అట్టముక్క వచ్చింది. మా పెద్దాయన జపార్‌గారు అప్పటికే రాసి పెట్టారు: "సిన్చి: విమర్శకుడు. పుస్తకాల మంచిచెడ్డలు పత్రికల్లో రాసేవాడు."

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "మా మావయ్య జన్మలో ఒక్క పుస్తకం పూర్తిగా చదవలేదు. ఆయన సిన్చి. మూడు లోయల్లో ఎవరు గుర్రం కొన్నా ముందు ఆయన్ని పిలుస్తారు. గుర్రాన్నే కాదు, మనిషినీ చూపుతోనే పసిగడతాడు" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. జపార్‌గారు మాత్రం నవ్వలేదు. "అయితే ఆయన్నే అడిగి రాయి. చలికాలం వెళ్ళేలోపు కావాలి" అన్నారు.

అందుకే అడుగుతున్నాను. మీరు అసలు ఏం చూస్తారు, ఎలా చూస్తారు? ‘సిన్’ అంటే పరీక్ష అనీ ఉంది, రూపు అనీ ఉంది. మన మేతబీడులో నిలబడి ఉండే రాతిమనిషిని కూడా ‘సిన్ రాయి’ అనే అంటాం. వీటిలో ఏది ముందు పుట్టిందో పెద్దవాళ్ళెవరైనా చెప్పారా? ఇంకొకటి. సిన్చి ఎప్పుడైనా తప్పు చెప్పడం ఉంటుందా?

వాక్యం కోసం నాకొక సంగతి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట, పెళ్ళికి ముందు, ఎసెన్‌ని మీకు చూపించిన రోజు. లారీ దిగి, మీరు పంపిన మట్టిరంగు ఆడగుర్రం కులా మీద ఆయన ఒక్కరే కనుమ దాటి వచ్చారు. మొదటిసారి చూసినవాళ్ళకి ఇచ్చే చూపు కానుకగా మీరు తాతయ్య వెండికట్ల కొరడా ఇచ్చి, "మంచి జాతి" అన్నారు. నలభైమంది చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం మీరు కులా మూతికి వెన్న రాస్తూ కనిపించారు. ముళ్ళకంప మేసిందన్నారు. మూతి చూసి ఏం మేసిందో ఎలా చెబుతారు?

ఆ కొరడా మా ఇంట్లో గోడకి వేలాడుతోంది. వచ్చినవాళ్ళందరికీ "సిన్చి మెచ్చిన అల్లుణ్ణి" అని ఎసెన్ చూపిస్తారు. ఆయన కులాసా.

మీ జీను ముందు కూర్చుని పెరిగిన,
జూరా


సొంకుల్ ఒడ్డు
సెప్టెంబరు 26

జూరా తల్లికి మావయ్య రాస్తున్నది.

ఉత్తరం పూర్తిగా చేరింది. కాగితం మందంగా ఉందని డ్రైవరు నామీద విసుక్కున్నాడు. నా రాత చూసి నవ్వకు. నాకు ఒక రకం అక్షరాలు నేర్పారు, మూడేళ్ళు తిరక్కుండా వాటిని తీసేసి ఇంకో రకం పెట్టారు, మళ్ళీ ఇప్పటివి. మూడుసార్లు కళ్ళెం మార్చిన గుర్రం ఎటు వెళుతుందో నా వాక్యమూ అటే వెళుతుంది.

నీ డబ్బాలో పెట్టుకోవడానికి చెబుతున్నాను, విను. నేను వెళ్ళగానే గుర్రాన్ని చూడను. తీసుకొచ్చినవాణ్ణి చూస్తాను. గుర్రానికి అబద్ధమాడటం రాదు, అమ్మేవాడికి వచ్చు. వాడు ఏ కాలు నాకు కనపడకుండా నిలబెడుతున్నాడో చూస్తే సగం తెలిసిపోతుంది. తరవాత నీళ్ళ దగ్గరికి తోలమంటాను. ముందుకాళ్ళు వంచకుండా మెడ చాపి తాగితే దాని కొలతలు సరిగ్గా ఉన్నట్టు. ముక్కుపుటాల్లో నా రెండు వేళ్ళు పట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, శరత్కాలంలో చూడను. ఇప్పుడు మా మేతబీడులో ఉన్న ప్రతి గుర్రమూ అందగత్తే. నడుం నిండా కొవ్వు. చలికాలం వెళ్ళి, కొవ్వు కరిగి, ఎముక బయటపడ్డాక చూడాలి. మా నాన్న వసంతంలో తప్ప ఏ గుర్రం గురించీ నోరు తెరిచేవాడు కాదు.

మాట ఎక్కడ పుట్టిందో నాకేం తెలుసు? మంత్రసాని నన్ను పిలవలేదు. రాతిమనిషి సంగతి అడిగావు. ఉన్నాడు, అలాగే ఉన్నాడు. గాలికి నోరు అరిగిపోయింది, కళ్ళు మాత్రం మిగిలాయి. ఎన్ని వందల ఏళ్ళ నుంచి చూస్తున్నాడో, ఒక్క మాటా అనలేదు. వాణ్ణి సిన్చి అనకు.

తప్పు చెప్పడం ఉంటుందా అన్నావు. ఎవరి సంగతో నాకు తెలీదు. నేను ఎప్పుడూ తప్పు చూడలేదు. అదే రాసుకో. కులా మేసింది ముళ్ళే. పాత సంగతులు వాక్యాలకి పనికిరావు, వేరేది వెతుక్కో.

ఒకటి అడుగుతాను. ఇదివరకు నువ్వు అల్లుడి గురించి అరపేజీ రాసేదానివి. ఏ మీటింగులో ఏం మాట్లాడాడు, ఎవరు మెచ్చుకున్నారు, అన్నీ. ఈసారి "కులాసా" అని ఒక్క ముక్క. కాగితం మందం కాబట్టి పొదుపు చేశావా?

నీకు రావలసింది ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. చెల్లెలి బిడ్డ వచ్చి మేనమామ మందలో ఏది అడిగితే అది తీసుకుపోవచ్చు, మేనమామ కాదనడానికి వీల్లేదు. మీ అమ్మ బాత్మా పోయాక నువ్వు నా ఇంట్లోనే పెరిగావు కాబట్టి ఎప్పుడూ అడగలేదు. కులాకి ఆడపిల్ల ఉంది, రెండేళ్ళది. వసంతంలో వచ్చి తీసుకో. పట్నంలో కట్టేయడానికి చోటు లేదనకు. ఇక్కడే ఉంటుంది, పేరు నీది ఉంటుంది.

రేపు గుడారం విప్పుతాం. మీ అత్తయ్య లేకుండా ఇది రెండోసారి. బొచ్చుపరుపులు చుట్టడం నాకు ఇంకా చేతకావడం లేదు. ఆవిడ చుడితే చిన్న మూట అయ్యేది, నేను చుడితే ఒంటెమీదికి ఎక్కనంటోంది.

మావయ్య


ఫ్రూంజె
అక్టోబరు 30

మావయ్యా,

మీ ఉత్తరం అందింది. నీళ్ళు తాగే గుర్రం గురించి రాసింది జపార్‌గారికి చదివి వినిపించాను. ఆయన రెండుసార్లు చదివించుకుని, తన అట్టముక్క తీసి చించేశారు. మీరు గెలిచారు.

"ఎప్పుడూ తప్పు చూడలేదు" అన్నారు. సరే. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిందే. మీరు వద్దన్న గుర్రం ఎవరింట్లోనూ నిలవలేదు, మీరు మెచ్చింది ఎవరినీ పడదోయలేదు.

ఒక్కటి తేలడం లేదు. మీరు మంచిదని చెప్పిన గుర్రం, తీసుకెళ్ళాక, ఆ ఇంట్లో చెడిపోయిందనుకోండి. వచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. బయట ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఇంట్లోకి రాగానే మాత్రం వేరే అవుతుంది. అప్పుడు తప్పు ఎవరిది? చూసినవాడిది కాదు, ఎందుకంటే మీరు తప్పు చూడరు. గుర్రానిదీ కాదు, జాతి మంచిదని మీరే అన్నారు. ఇక మిగిలింది దాన్ని తీసుకున్నవాళ్ళే కదా? వాళ్ళకే ఏదో చేతకాలేదు కదా? ఇది నిఘంటువుకి కావాలి. దయచేసి సూటిగా చెప్పండి.

మాకు మొదటి మంచు పడింది. వంటింటి కిటికీలోంచి ట్రాలీబస్సు తీగలు కనిపిస్తాయి. ఎక్కడో తీగ నీలంగా మెరుస్తుంది, తరవాత చాలాసేపు ఏమీ ఉండదు. ఆఫీసులో మాటలతోనే నా పని, ఇంటికొస్తే మాట్లాడటానికి మనిషి ఉండడు. పోయిన నెలలో పదకొండు రోజులు మా ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు. లెక్కపెట్టాను. బహుశా నేనే ఏదో అని ఉంటాను, ఏమన్నానో గుర్తు రావడం లేదు.

ఎసెన్ క్షేమం.

జూరా


చలికాలపు మేత, పై లోయ
నవంబరు 20

జూరా తల్లీ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. నిఘంటువు పేరు చెప్పి నన్ను మోసం చేద్దామనుకున్నావా? నాకు తెలుసు, నువ్వు ఆ పిల్లగుర్రం గురించి భయపడుతున్నావు. పట్నంలో కుర్చీలో కూర్చుని స్వారీ మర్చిపోయి ఉంటావు. తీసుకుంటే నీ చేతిలో చెడిపోతుందేమో, మావయ్య మాట పోతుందేమో అని దిగులు. పిచ్చిదానా.

సూటిగా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. గుర్రం చెడిపోతే తప్పు గుర్రానిది కాదు. ఎప్పుడూ కాదు. పగ్గాలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. నేను మంచిదన్నది మంచిదే. అది మొండికేస్తోందంటే రౌతు చెయ్యి బరువుగా పడుతోందన్నమాట. చెయ్యి మెత్తబడాలి, ఓపిక పట్టాలి, అరవకూడదు. ఆరు నెలల్లో దారికి రాకపోతే నన్ను అడుగు. నీకు ఓపిక ఎక్కువే, నాకు తెలుసు.

పదకొండు రోజులు మాట లేదన్నావు. నేను ఇరవై మూడు రోజులుగా మనిషి మొహం చూడలేదు, ఇక్కడ ఎవరు గెలిచారో నువ్వే చెప్పు. నా జోడీ కాపరి పెళ్ళాం ప్రసవానికి ఊరికి వెళ్ళాడు. మోకాలి లోతు మంచు. గుర్రాలు డెక్కలతో తవ్వుకుని గడ్డి తింటున్నాయి. పొద్దున్నే టీ పోసుకునేటప్పుడు ఇప్పటికీ రెండు గిన్నెలు పెడుతున్నాను. పెట్టాక గుర్తొస్తుంది. తీసేయడానికి మనసొప్పక రెండూ నేనే తాగుతున్నాను. దాంతో రాత్రి నాలుగుసార్లు మంచులోకి పోవలసి వస్తోంది. మీ అత్తయ్య పోయి కూడా నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మొగుడూపెళ్ళాల మధ్య మౌనం మంచు లాంటిది, కరుగుతుంది. అల్లుడికి మంచి భోజనం పెట్టు.

మావయ్య


ఫ్రూంజె
1966 జనవరి 2

మావయ్యకి,

మీరు చెప్పింది అర్థమైంది. పగ్గాలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. చెయ్యి మెత్తబరుచుకోవడానికి ప్రయత్నిస్తాను.

వసంతంలో రాలేను. ఆ పిల్లగుర్రాన్ని ఇంకెవరికైనా ఇవ్వండి. నేను దాన్ని పాడుచేస్తాను.

అట్టముక్క మీద ఇలా రాశాను: "సిన్చి: చూపులో తప్పు లేనివాడు." జపార్‌గారు బాగుందన్నారు, వాక్యం ఎక్కడ అని అడిగారు. ఇంకా లేదని చెప్పాను.

రాత వంకరగా ఉంటే క్షమించండి. కుడిచేతి వేలు తలుపు సందులో పడింది.

జూరా


చలికాలపు మేత
జనవరి 29

జూరా,

నీ చిన్న ఉత్తరాన్ని ఏడుసార్లు చదివాను. అందులో చదవడానికి ఏమీ లేదు, అందుకే ఏడుసార్లు. తరవాత సెప్టెంబరు నుంచి వచ్చినవన్నీ బొచ్చుపరుపు మీద వరసగా పరిచాను, కొనబోయే గుర్రాల్ని ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టినట్టు. దీపం దగ్గరికి తెచ్చి, ఏం రాశావో కాదు, ఎలా రాశావో చూశాను.

మొదటిదాంట్లో నవ్వులున్నాయి, డ్రైవర్ని తిట్టావు. రెండోదాంట్లో తిట్లు పోయాయి, ప్రశ్నలు మిగిలాయి. మూడోదాంట్లో ప్రశ్న కూడా లేదు. మొదటిదాంట్లో అల్లుడు కులాసా, రెండోదాంట్లో క్షేమం, మూడోదాంట్లో అల్లుడే లేడు. నా చేతుల్లో పెరిగిన పిల్ల నా కళ్ళముందే నాలుగు నెలలుగా చిక్కిపోతోంది, నేను గుడ్డివాడిలా రెండు గిన్నెల టీ తాగుతూ కూర్చున్నాను.

నువ్వు అడిగింది గుర్రం గురించి కాదు. ఇప్పుడు తెలిసింది. నేను దేనికి ఏం జవాబు రాశానో తలుచుకుంటే నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

ఇక నేను చెప్పేది విను. దీన్ని ఆరేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

మా నాన్న నాకొక కట్టడి పెట్టాడు. చుట్టూ తిరిగి చూడకముందు చూపు కానుక ఇవ్వకు. ఇచ్చాక నోట్లోంచి మెప్పు తప్ప ఇంకోటి రాదు. నేను జీవితంలో ఒక్కసారే అది తప్పాను. ఆ రోజు ఎసెన్ కనుమ మీద కనిపించగానే నువ్వు నావైపు చూశావు. అలాంటి చూపు అంతకుముందు నీ మొహంలో చూడలేదు. మీ అమ్మ పోయాక నువ్వు నన్ను ఏదీ అడిగిన పిల్లవి కాదు. ఆ ఒక్కటీ అడిగావు. మీ అత్తయ్య పక్కనుంచి మోచేత్తో పొడిచింది. శరత్కాలం, అందరూ గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్ తాగి ఎర్రగా ఉన్నారు, నలభైమంది నా నోటివైపే చూస్తున్నారు. అతను గుర్రం దిగకముందే నాన్న కొరడా తీసి చేతిలో పెట్టేశాను. "మంచి జాతి" అన్నాను.

కులాని చూసింది ఆ తరవాత. దాని మూతి రెండు కొనలూ చీలి ఉన్నాయి. నురగలో రక్తం. ఐదేళ్ళు నేను స్వారీ చేసినా ఒక్క గీత పడని మూతి అది. మెత్తటి గుర్రం, పగ్గం కదిపితే చాలు తిరుగుతుంది. రెండు గంటలు అతనితో ఒంటరిగా కనుమ దాటింది, చూసేవాళ్ళు లేరు. దిగేటప్పుడు మాత్రం నవ్వుతూ దాని మెడ నిమిరాడు, అందరికీ కనపడేలా. నిమిరితే అది చెవులు వెనక్కి వాల్చింది.

ముళ్ళు లేవు, జూరా. సొంకుల్ చుట్టుపక్కల ముళ్ళకంప ఎక్కడుంది? అక్కడే పెరిగావు, నీకు తెలీదా? నేను చెప్పానని నమ్మావు.

ఇప్పటికీ దాని మూతి కొనల దగ్గర తెల్లవెంట్రుకలు మొలుస్తాయి. రోజూ కళ్ళెం వేసేటప్పుడు నేను అవి చూస్తాను. "ఎప్పుడూ తప్పు చూడలేదు" అని నీకు రాశాను. అది నిజం. ఆ రోజూ సరిగ్గానే చూశాను. చూసి నోరు మూసుకున్నాను. మేతబీడులో ఆ రాతిమనిషికీ నాకూ తేడా లేకుండా పోయింది.

కాబట్టి నేను రాసిన జవాబు అలాగే ఉంచు, అందులో మనిషిని మాత్రం మార్చి చదువుకో. గుర్రం తప్పు ఎప్పుడూ కాదు. పగ్గాలు పట్టినవాడిది. కులా నువ్వు, రౌతువి కాదు.

కనుమ మూసుకుపోతోందంటున్నారు. రేపు ఒకడు స్కీలమీద దిగుతాడట, వాడి చేతికి ఇస్తున్నాను. త్వరగా చేరాలి.

తురుస్‌బెక్


ఫ్రూంజె
ఫిబ్రవరి 20

మావయ్యా,

మీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి మూడు నెలలు కావస్తోంది. నవంబరుది చివరిది. కనుమ మూసుకుందని రేడియోలో చెప్పారు, అదే కారణమని అనుకుంటున్నాను. లేకపోతే నామీద విసుగొచ్చి ఉంటుంది. దానికీ కారణం ఉంది.

నాకు రావలసిన బాకీ ఒకటి మీ దగ్గర ఉందన్నారు కదా. మేనకోడలు ఏది అడిగినా కాదనకూడదన్నారు. ఇప్పుడు అడుగుతున్నాను. నాకు గుర్రం వద్దు. నాలో ఉన్న లోపం ఏమిటో చెప్పండి. మీరు చూడగలరు. నేను ఎంత వెతికినా దొరకడం లేదు. మాట తగ్గించాను. నవ్వడం తగ్గించాను. ఉప్పు తగ్గించాను. అయినా సరిపోవడం లేదు. ఎక్కడ ఉందో తెలిస్తే సరిచేసుకుంటాను. పక్కింటావిడ నిన్న మెట్లమీద ఆపి, "అదృష్టవంతురాలివి జూరా, మీ ఆయన ఎంత సరదా మనిషి" అంది. అవునన్నాను.

వెళ్ళిపోదామా అని ఒకసారి అనిపించింది. ఎక్కడికి, ఏమని? "సిన్చి మెచ్చినవాణ్ణి కాదనుకుని వచ్చింది" అంటారు. అప్పుడు లోపం ఎవరిదో లోయంతా తెలిసిపోతుంది.

ఇది నాకు రావలసింది. కాదనకండి.

జూరా


చలికాలపు మేత
మార్చి 24

నా చెల్లెలి బిడ్డకి,

కనుమ నాలుగు రోజుల కిందట తెరుచుకుంది. నీ ఫిబ్రవరి ఉత్తరం ఇవాళ అందింది. నేను జనవరిలో రాసింది కొచ్కోర్ తపాలా ఆఫీసులో బస్తాలోనే ఉందట, స్కీలమీద దిగినవాడు అక్కడిదాకానే తెచ్చాడు, లారీలు ఆగిపోయాయి. నువ్వు అడిగినదానికి జవాబు నువ్వు అడగకముందే రాశాను, అది గోనెసంచిలో నిద్రపోతోంది. ఇది, అది బహుశా కలిసే వస్తాయి. ముందు జనవరిది చదువు.

చదివావా? సరే.

నువ్వు అడిగితే నేను కాదనకూడదు, నిజమే. అయినా ఉత్తరంలో మనిషిని చూసి చెప్పడం నాకు చేతకాదు. చేతనవుతుందనుకునే నవంబరులో ఆ మాట రాశాను. నువ్వు ఇక్కడికి రావాలి. వచ్చేముందు ఒళ్ళు చేయాలని చూడకు. ఎసెన్‌ని నేను శరత్కాలంలో, విందులో, కొవ్వుమీద చూశాను. నిన్ను వసంతంలో చూస్తాను. ఎలా ఉన్నావో అలా రా.

లోయంతా ఏమంటుందో అని భయపడ్డావు. ఆ పని అయిపోయింది. మొన్న గొర్రెలు ఈనే పనిలో సాయానికి మనవాళ్ళంతా చేరారు. టీ తాగి అందరూ ఊసుపోక కూర్చున్నప్పుడు లేచి చెప్పాను. "ఆరేళ్ళ కిందట జూరా పెళ్ళికొడుకుని చూసి నేను చెప్పింది అబద్ధం. నా కళ్ళు చూసింది ఒకటి, నోరు అన్నది ఒకటి. పిల్లకి ఏదైనా జరిగితే నా నోటివల్ల జరిగింది" అన్నాను. తరవాత ఆ ముసలి కెరిమ్ లేచాడు, నా వయసువాడు, నాకు జన్మలో పడనివాడు. "అయితే నా నల్లగుర్రం గురించి చెప్పింది కూడా అబద్ధమేనా?" అన్నాడు. ఇంకొకడు, "మరి నాది?" అన్నాడు. నలభై ఏళ్ళుగా నేను చూసిన గుర్రాలన్నీ ఒక్కసారిగా కుంటివైపోయాయి.

ఈ వసంతంలో గుర్రాలు చూడమని ఇంకా ఎవరూ నన్ను పిలవలేదు. కెరిమ్ కొడుకుని పిలుస్తున్నారట. బాధగా లేదని అనను. పొద్దున్నే కంచె దగ్గర నిలబడి గుర్రాలు పోతుంటే చూస్తాను, ఏది కుంటబోతోందో కనిపిస్తుంది, చెప్పమని అడిగేవాడు లేడు. అయినా చెప్పేశాను ఒకడికి. వాడు నమ్మలేదు.

నీ అట్టముక్క మీద "చూపులో తప్పు లేనివాడు" అని రాశావు. కొట్టెయ్. అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, చూసి ఊరుకునేవాళ్ళు. వాళ్ళకి వేరే మాట వెతుకు. చూసింది చూసినట్టు నోటితో చెప్పేవాడు, దానివల్ల ఏది పోయినా చెప్పేవాడు, అతను సిన్చి. మా నాన్న అలాంటివాడు. నా పేరు మాత్రం రాయకు.

ఒక గిన్నె ఎక్కువే పెడుతున్నాను, అది తెలుసు కదా.

మావయ్య


ఫ్రూంజె
ఏప్రిల్ 9

మావయ్యా,

మీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. ముందు చదవమన్నది ముందు చదివాను. ఆఫీసులో, అల్మరాల వెనక నిలబడి. జపార్‌గారు అటు వచ్చి, నన్ను చూసి, వెనక్కి వెళ్ళి టీ పంపించారు.

మొదట మీమీద కోపం వచ్చింది. చెప్పకుండా ఉండలేను. ఆరేళ్ళు, మావయ్యా. ప్రతి రాత్రీ నాలో లోపం వెతుక్కున్నాను, ఎందుకంటే మీరు తప్పు చూడరు. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. వచ్చాక మీ ఎదురుగా కూర్చుని కొంత తిడతాను, ఓపిక పట్టండి. తరవాత మీరు అందరి ముందూ లేచి నిలబడిన సంగతి మళ్ళీ చదివాను. మీకు మిగిలింది ఆ ఒక్క పేరే. అది నాకోసం పారేశారు. అల్మరాల వెనక ఏడ్చాను. చాలా రోజుల తరవాత ఏడవగలిగాను.

వేలు తలుపు సందులో పడలేదు. గోడమీద వేలాడే కొరడా గురించి రాశాను కదా, మీరు చూపు కానుకగా ఇచ్చింది. దాని పిడితో ఎసెన్ కొట్టిన దెబ్బ. నాకు ఇష్టమైన కప్పు పగిలినందుకు. అతని కప్పు కూడా కాదు, నాదే.

నిన్న ఆ కొరడా గోడమీంచి తీసి నా పెట్టెలో పెట్టాను. ఇవాళ పొద్దున అతను ఖాళీ మేకు చూసి, "ఎక్కడ?" అన్నాడు. "ఇచ్చినవాళ్ళకి తిరిగి ఇవ్వడానికి తీసుకెళుతున్నాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఈ ఉత్తరం పక్కింటావిడ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. అదృష్టవంతురాలివన్న ఆవిడే. పెట్టె చూసింది, వంకరపోయిన నా వేలు చూసింది, నోటిమీద చెయ్యి పెట్టుకుంది, తరవాత తన మంచం నాకిచ్చి తను కింద పడుకుంటానంది.

అట్టముక్క పూర్తయింది. మీరు చెప్పిన అర్థమే రాశాను. పుట్టిన చోటు దగ్గర ‘తెలియదు’ అని రాశాను, మంత్రసాని మిమ్మల్ని పిలవలేదు కాబట్టి. వాక్యం ఇది: "ఆడగుర్రం మూతి చూసి, రౌతు చెయ్యి ఎలాంటిదో సిన్చి చెప్పాడు." జపార్‌గారు చదివి, "ఇది నిజంగా ఎవరైనా అన్నదేనా?" అని అడిగారు. "అన్నదే, కాకపోతే ఆరేళ్ళు పట్టింది" అన్నాను. అది కూడా రాయమంటారా అన్నాను. వద్దన్నారు, అట్టముక్కలో చోటు లేదు. మీ పేరు రాయలేదు.

పదహారో తారీకు పొద్దుటి బస్సు. కొచ్కోర్ అడ్డరోడ్డు దగ్గర దిగుతాను. చాలా చిక్కాను, గుర్తుపట్టకపోతారేమో, బూడిదరంగు శాలువా కప్పుకుంటాను. నాకు రావలసింది తీసుకుంటాను. కులా పిల్లని తీసుకురండి. దానికి కళ్ళెం మాత్రం వేయకండి, మెడకి తాడు చాలు. అలాగే నడిపించుకుంటూ వస్తాను.

ఈసారి చూపు కానుక ముందు ఇవ్వకండి, మావయ్యా. నన్ను రోడ్డుమీద నిలబెట్టి, చుట్టూ తిరిగి, తాపీగా చూడండి. చూశాక, ఏం కనిపించిందో నాకు చెప్పండి.

జూరా